అంబాసిడర్‌కు కొత్త ముందు అద్దం బిగించే ముందు ఫ్రేమును సిద్ధం చేయడం ఎలా?

"కొత్త అద్దం వేయించాను, కొత్త రబ్బరు కూడా వేయించాను. అయినా వాన పడితే చాలు, కాళ్ల దగ్గర మ్యాటు తడిసిపోతోంది. రబ్బరు నకిలీదంటారా?" పాత కార్లు ఉంచుకున్నవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఎప్పుడూ ముందుండేది ఇదే. రబ్బరు నాసిరకం కావచ్చు, కాదనను. కానీ చాలా కార్లలో తప్పు రబ్బరుది కాదు, ఆ రబ్బరు పట్టుకుని కూర్చున్న రేకు అంచుది. అంచు తుప్పు పట్టి పలచబడినా, లప్పం పూసి లావెక్కినా, వంకర తిరిగినా ఎంత మంచి రబ్బరైనా నీటిని ఆపలేదు. అద్దం బిగించే మనిషి గంటలో పని ముగించుకుని వెళ్లిపోతాడు. ఫ్రేము బాగు చేయడం ఆయన పని కాదు, అందుకు కూలీ మీరు ఇవ్వరు కూడా. అది మీరు చేసుకోవలసిన పని, లేదా టింకరు చేత దగ్గరుండి చేయించుకోవలసిన పని.

ఇక్కడ చెప్పేదంతా అంబాసిడర్‌ను దృష్టిలో పెట్టుకుని. ప్రీమియర్ పద్మినికీ, దానికి ముందు ఫియట్ 1100 పేరుతో వచ్చిన బండ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. వీటిలో అద్దం రబ్బరు గాడిలో కూర్చుంటుంది. అద్దాన్ని జిగురుతో నేరుగా బాడీకి అతికించే తర్వాతి తరం కార్లకు మాత్రం ఇది వర్తించదు. వాటి పద్ధతి వేరు, అందులో పొరపాటు జరిగితే ప్రమాదంలో అద్దం ఊడి వస్తుంది. వాటిని ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

అద్దం తీసి ఫ్రేము చుట్టూ చూస్తే లోపలి వైపుకు పొడుచుకు వచ్చిన రేకు అంచు కనబడుతుంది. రబ్బరుకు రెండు గాడులుంటాయి. ఒక దానిలో ఈ అంచు, రెండో దానిలో అద్దం. సిద్ధాంతం ఇంతే. ఆ అంచు కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎంత మందం ఉందో అంతే మందంతో, నున్నగా, తుప్పు లేకుండా ఉండాలి. మిగతా పనంతా దానికోసమే.

కావలసినవి

- కొత్త రబ్బరు, కొత్త అద్దం. పని మొదలుపెట్టక ముందే చేతికి వచ్చి ఉండాలి.
- అంచు మందం కొలవడానికి వెర్నియర్ కాలిపర్. చవకది చాలు.
- ప్లాస్టిక్ లేదా చెక్క గీకుడు పలక, పదునైన కత్తి, పాత స్క్రూడ్రైవరు, అయస్కాంతం, టార్చిలైటు.
- ఇనుప తీగల బ్రష్షు, డ్రిల్లుకు తగిలించే చిన్న వైర్ వీలు.
- ఎమరీ పేపరు 80, 180, 320 నంబర్లవి. 400 నంబరు నీటి పేపరు.
- ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు.
- హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, కారు రంగు, బాడీ అతుకుల సీలెంటు.
- గట్టిపడని రకం విండ్‌షీల్డు సీలెంటు.
- మినరల్ టర్పెంటైన్, జిడ్డు తీసే ద్రావకం, ఉతికిన నూలు గుడ్డలు. జిడ్డు తుడవడానికి గ్యారేజీలో దొరికే నూలు వ్యర్థం వద్దు, దానిలో ఏ నూనె ఉందో తెలియదు.
- మాస్కింగ్ టేపు, పాత దుప్పట్లు, తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు, ఆవిరులను ఆపే ఫిల్టరు ఉన్న మాస్కు.
- తోడుగా ఒక మనిషి. అద్దం తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ ఒంటరిగా చేయకండి.

తుప్పు పైపైనే ఉంటే రెండు సెలవురోజుల పని, రంగు ఆరడానికి మధ్యలో వారం. వెల్డింగు పడితే ఇంకా పడుతుంది. వానాకాలం నడిమధ్యలో మొదలుపెట్టకండి. అద్దం లేని కారును ఎక్కడ దాచుకుంటారు?

1. కొత్త సరుకును ముందే పరీక్షించండి

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికే రబ్బర్లలో ఎక్కువ భాగం బయటి తయారీవే. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, చెన్నై పుదుపేటలో కొన్నా బండి మోడలు పేరు చెప్పి ఊరుకోకండి. పాత రబ్బరు నుంచి జానెడు ముక్క కోసుకుని వెళ్లి, అడ్డకోతను పక్కపక్కనే పెట్టి పోల్చండి. గాడుల లోతు, వెడల్పు, రెండు గాడుల మధ్య ఉన్న దిమ్మ మందం, ఈ మూడూ సరిపోవాలి. కొత్త రబ్బరును బొటనవేలితో మడిచి చూడండి. మడత దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తే అది గోదాములో ముసలిదైన సరుకు.

అద్దం లామినేటెడ్ రకమే కొనండి. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా చోటు వదలదు. మూలలో ఐఎస్ఐ గుర్తు చూడండి. రంగు అద్దం ముచ్చటపడితే, ముందు అద్దం నుంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నది మోటారు వాహనాల నిబంధన అని గుర్తుంచుకోండి. కొత్త అద్దం అంచును గాడిలో పెట్టి చూడండి. పాత బండ్లలో కొన్నిటికి టఫెండ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దం ఉండేది. దాని మందం, లామినేటెడ్ అద్దం మందం ఒకటే కానక్కర్లేదు.

2. లోపలంతా కప్పండి

బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి. వైపర్ చేతులు ఊడదీయండి. డ్యాష్‌బోర్డు మీద అద్దానికి గాలి వచ్చే సందులుంటే వాటికి టేపు అతికించండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. గాజు రవ్వలూ తుప్పు పొట్టూ ఆ సందుల్లో పడితే నెలల తర్వాత బ్లోయరు వేసినప్పుడు కళ్లలోకి వస్తాయి. డ్యాష్‌బోర్డు, సీట్లు, బానెట్టు మీద దుప్పట్లు పరవండి.

కారు నాలుగు చక్రాల మీద సమతలమైన నేల మీద ఉండాలి. జాకీ మీదో ఒక పక్క ఇటుకల మీదో నిలబెట్టి ఈ పని చేయకూడదు. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ లేదు. బరువంతా మోసేది బాడీయే. ఒక మూల పైకి లేస్తే అద్దం చోటు కూడా కొంచెం మెలి తిరుగుతుంది. ఆ స్థితిలో కొలిచి, వెల్డు చేసి, అద్దం బిగిస్తే కారు కిందికి దించిన రోజే మూల పగులుతుంది.

3. పాత అద్దం తీయడం

పైన క్రోమ్ బీడింగు ఉంటే ముందు దాన్ని తీయండి. ఒక చివర నుంచి ప్లాస్టిక్ పలకతో లేపుతూ రావాలి, మధ్యలో పట్టి లాగితే వంగుతుంది. ఒకసారి మెలిక పడితే ఆ బీడింగు మళ్లీ సాపు కాదు. తర్వాత రబ్బరులో విడిగా లాకింగు పట్టీ ఉంటే దాన్ని లాగేయండి.

పాత రబ్బరును కాపాడాలని చూడకండి. కత్తితో బయటి పెదవిని చుట్టూ కోసేయండి. కత్తి మొన అద్దం వైపు ఉండాలి, రేకు వైపు కాదు. అంచు మీద పడిన ప్రతి గీతా రేపటి తుప్పే. తర్వాత ఒకరు లోపల కూర్చుని పై మూలల దగ్గర అరచేతులతో మెల్లగా నెట్టాలి, ఒకరు బయట పట్టుకోవాలి. కాళ్లతో తన్నకండి. పాత అద్దం పగలకుండా వస్తే పారేయకండి, ఎనిమిదో మెట్టులో అదే మీ కొలబద్ద.

అద్దం అప్పటికే పగిలి ఉంటే వెడల్పు టేపు నిలువునా అడ్డంగా అతికించి అప్పుడు తీయండి. టఫెండ్ అద్దం పగిలితే పప్పుగింజల్లా రాలుతుంది. వాక్యూమ్ క్లీనరు లేకుండా ఊరికే ఊడిస్తే ఆ ముక్కలు పోవు.

4. అంచు మీది పాత సీలెంటు తీయండి

ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు పూసిన సీలెంటు పొరలు పొరలుగా ఉంటుంది. నల్లగా మెత్తగా సాగేదైతే టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డను పది నిమిషాలు దాని మీద పరిచి, తర్వాత ప్లాస్టిక్ పలకతో గీకండి. పెట్రోలు వాడకండి. డబ్బా మూత తీసిన దగ్గర నుంచీ అది నిప్పును పిలుస్తుంది, పైగా జిడ్డు పొర మిగులుస్తుంది.

తెల్లగానో, మబ్బుగానో, రబ్బరులా సాగుతూ ఉంటే అది సిలికాన్. లీకు ఆపుతుందని ఎవరో ట్యూబు పిండి ఉంటారు. ఇది అన్నిటికంటే మొండిది. టర్పెంటైన్‌కు లొంగదు, దాని మీద రంగు నిలవదు. కత్తితో ముక్కలుగా తీసి, మిగిలిన పొరను సిలికాన్ రిమూవర్‌తో తీయాలి. ఎమరీ పేపరు మాత్రం అప్పుడే ముట్టుకోకండి. సిలికాన్ ఉండగా రుద్దితే దాన్ని అంచంతా పులిమినట్లవుతుంది. తర్వాత రంగు వేస్తే చేపకన్నుల్లాంటి గుంటలు పడతాయి.

పోయిందో లేదో ఇలా తెలుసుకోండి. శుభ్రం చేసిన చోట నీళ్లు చల్లండి. నీరు పలచని పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్లు. బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డో సిలికానో ఇంకా ఉన్నట్లు.

5. పొడిచి చూడండి

ఇక అసలు సంగతి బయటపడే మెట్టు. స్క్రూడ్రైవరు మొనతో అంచు చుట్టూ అంగుళానికి ఒకసారి గట్టిగా నొక్కుతూ రండి. గట్టి రేకైతే టక్కుమంటుంది. కుళ్లిన చోట మొద్దుగా మోగుతుంది, లేదా మొన లోపలికి దిగుతుంది. దిగితే దిగనివ్వండి. రంధ్రం మీరు చేసింది కాదు, అక్కడ ముందే ఉంది.

ఎక్కువగా చెడేది కింది రెండు మూలలు, ఆ తర్వాత వైపర్ల దగ్గర కింది అంచు. నీరు, ఆకుల చెత్త అక్కడే నిలుస్తాయి. పై అంచు చాలా కార్లలో బాగానే ఉంటుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండి అయితే పై అంచును కూడా నమ్మకండి.

అయస్కాంతాన్ని అంచు మీద, పిల్లర్ల మీద జరుపుతూ పోండి. ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ రంగు కింద లప్పమో ఫైబరో ఉంది. తర్వాత మందం కొలవండి. పై అంచులో రంగు లేని, తుప్పు లేని చోట వెర్నియర్ పెట్టి ఆ అంకె రాసుకోండి. మీ బండికి అదే ప్రమాణం. ఆ తర్వాత కింది అంచులో నాలుగైదు చోట్ల కొలవండి. బాగా తక్కువ వస్తే తుప్పు తినేసింది. ఎక్కువ వస్తే రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బి విడదీసింది, లేదా ఎవరో పాత అంచు మీదే కొత్త రేకు అతికించారు. రెండూ పనికిరావు.

చెడిన చోట్లన్నిటినీ సుద్దతో గుర్తు పెట్టి ఫోనులో ఫొటో తీసుకోండి. టింకరుతో బేరం ఆడేటప్పుడు అక్కరకు వస్తుంది.

6. తుప్పు తీయడం

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్ది దుమ్ము పీల్చకండి. వీలైన చోట తడిపి రుద్దండి. వైర్ వీలు వాడక తప్పని చోట మాస్కు, కళ్లద్దాలు తప్పవు. వైర్ వీలు నుంచి ఊడిన తీగ సూదిలా దూసుకు వస్తుంది.

పైపై తుప్పు 80 నంబరు పేపరుతోనే పోతుంది. వెండిలా మెరిసే రేకు కనబడేదాకా రుద్దండి, గోధుమ రంగు మరకకు సరిపెట్టుకోకండి. చిన్నచిన్న గుంటల్లో నల్లగా మిగిలిన తుప్పు ఏ పేపరుకూ అందదు. అక్కడ తుప్పు మందు బ్రష్షుతో పూయండి. డబ్బా మీద ఎంతసేపు ఉంచమన్నారో అంతసేపు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడిగి, అప్పటికప్పుడు వేడిగాలితో ఆరబెట్టండి.

చాలామంది ఈ కడగడం దగ్గరే పప్పులో కాలేస్తారు. "తుప్పు మందే కదా, ఉంటే మంచిదే" అని అలాగే వదిలేసి దాని మీద ఎపాక్సీ ప్రైమర్ కొడతారు. రేకు మీద మిగిలిన ఆమ్లం వల్ల ప్రైమర్ సరిగా పట్టదు, కొన్నాళ్లకు పొరగా లేస్తుంది. కడిగి, ఆరబెట్టి, 180 పేపరుతో ఒకసారి తేలికగా రుద్దిన తర్వాతే ముందుకు వెళ్లండి.

ఒట్టి రేకును రాత్రంతా వదిలేయకండి. మన గాలిలోని తేమకు పొద్దున్నకల్లా నారింజ రంగు పొడి కడుతుంది. ఒక రోజులో ఎంత మేరకు ప్రైమర్ వేయగలరో అంతమేరకే రుద్దండి.

7. రంధ్రాలు పడితే

ఇక్కడ నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. అంచు మీద లప్పం వద్దు, ఫైబర్ గుడ్డ వద్దు, నీళ్ల పైపులకు పెట్టే ఎపాక్సీ ముద్ద వద్దు. తలుపు మీద సొట్టకు లప్పం చెల్లుతుంది. కానీ ఈ అంచును రబ్బరు రెండు వైపులా పట్టుకుని ఉంటుంది, కారు గుంటలో పడ్డ ప్రతిసారీ అంచు కదులుతుంది. లప్పం పగులుతుంది, ఆ పగులులో నీరు నిలుస్తుంది, పైన రబ్బరు ఉంటుంది కాబట్టి మీకు కనబడదు. కింది మూల లోపల కుళ్లుతూ పోతుంది. విడిగా చాసిస్ లేని బండిలో ఆ మూల అందానికి ఉన్నది కాదు.

టింకరుకు చెప్పి చేయించవలసినవి ఇవి:

కుళ్లిన రేకును గట్టి రేకు వచ్చేదాకా కోసేయాలి. దాని మీద కొత్త రేకు కప్పడం కాదు, కోసిన చోట అంచుకు అంచు ఆనేలా అదే మందం ఉన్న రేకు పెట్టి వెల్డు చేయాలి. జింకు పూత ఉన్న గ్యాల్వనైజ్డ్ రేకు వద్దు. వెల్డింగులో దాని పొగ ఆరోగ్యానికి హాని. గ్యాస్ వెల్డింగు కంటే మిగ్ వెల్డింగు (కరెంటుతో తీగను కరిగించి అతికే రకం) మేలు, వేడి తక్కువ ప్రాంతానికే పరిమితమవుతుంది. ఒకే గీతగా లాగకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలు నింపుతూ రావాలి. లేదంటే అంచు అలలు తిరుగుతుంది. తర్వాత రెండు వైపులా గ్రైండ్ చేసి మీరు రాసుకున్న మందానికి తేవాలి. లోపలి వైపు వదిలేయడం టింకర్లకు అలవాటు, ఎవరికీ కనబడదని. కానీ రబ్బరు పెదవి లోపలి వైపు కూడా ఆనాలి.

వెల్డింగుకు ముందు బ్యాటరీ పూర్తిగా బయటికి తీసేయండి. డ్యాష్‌బోర్డు వెనక వైర్ల కట్టను పక్కకు జరిపి తడిగుడ్డ కప్పండి. పై అంచు దగ్గర వెల్డింగు ఉంటే టాప్ లైనింగును ఊడదీసి వెనక్కి మడవండి, అది అంటుకుంటే ఆపడం కష్టం. నిప్పు ఆర్పే సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి. పని ముగిశాక అరగంట అక్కడే ఉండి పొగ వాసన రావడం లేదని నిర్ధారించుకోండి.

8. వంకర ఉందేమో చూడండి

రెండు దారాలు తీసుకోండి. ఒకటి ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు, మరొకటి కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు, రెండూ అంచుకు లోపలి వైపు నుంచే బిగుతుగా లాగి టేపుతో అతికించండి. రెండు దారాలూ మధ్యలో ఒకదానికొకటి తాకీ తాకనట్లు ఉండాలి. ఒకటి రెండోదాన్ని నెట్టి వంచుతున్నా, మధ్యలో ఖాళీ ఉన్నా ఫ్రేము మెలి తిరిగింది. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ కనబడితే అద్దం బిగించవద్దు. పాత ప్రమాదమో, కింద కుళ్లిన రేకో కారణమై ఉంటుంది, ముందు అది చూడాలి. దారాల పొడవులు కూడా పోల్చండి, రెండూ సమానంగా రావాలి.

తర్వాత పాత అద్దం. అది పగిలి ఉంటే కొత్తదే జాగ్రత్తగా వాడండి. పాత రబ్బరు నుంచి రెండు గాడుల మధ్య దిమ్మను చిన్న ముక్కలుగా కోసి కింది అంచు మీద నాలుగు చోట్ల పెట్టండి. అద్దాన్ని వాటి మీద నిలబెట్టి తోటి మనిషిని పట్టుకోమనండి. చుట్టూ ఖాళీ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక మూలలో వేలు దూరుతూ ఇంకో మూలలో అద్దం రేకును తాకుతుంటే అక్కడ అంచు సరిచేయాలి. చెక్క దిమ్మను వెనక ఆనించి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. నేరుగా రేకు మీద సుత్తి దెబ్బ పడితే అంచు సాగి అల తిరుగుతుంది. అద్దానికి అంచు సరిపోవాలి తప్ప బలవంతంగా అద్దాన్ని అంచుకు సరిపెట్టకూడదు. మూల దగ్గర నొక్కుడు ఉన్న అద్దం ఎండకు నిలబెట్టిన రోజున ఏ రాయీ తగలకుండానే పగులుతుంది, యజమాని దిష్టి తగిలిందనుకుంటాడు.

చివరగా దూదిని అంచు మీద చుట్టూ ఈడ్చండి. ఎక్కడైనా పీచు తగులుకుంటే అక్కడ ముల్లు ఉంది. 320 పేపరుతో నున్నగా చేయండి. వేలితో తడిమి చూడకండి, రేకు కోస్తుంది.

9. ప్రైమర్, సీలెంటు, రంగు

జిడ్డు తీసే ద్రావకాన్ని ఒక గుడ్డతో పూసి, అది ఆరక ముందే ఇంకో పొడి గుడ్డతో తుడవండి. ఒకే గుడ్డతో రెండు పనులూ చేస్తే జిడ్డు చోటు మారుతుందంతే. ఆ తర్వాత ఒట్టి చేత్తో తాకకండి.

ప్రైమర్ అనగానే దుకాణంలో రెడ్ ఆక్సైడ్ డబ్బా చేతిలో పెడతారు. కిటికీ ఊచలకు అది చాలు. నీరు నిలిచే ఈ అంచుకు హార్డెనర్ కలిపే ఎపాక్సీ ప్రైమరే వేయండి. రెండు పలచని పొరలు, మధ్యలో డబ్బా మీద చెప్పినంత విరామం. ఒకేసారి దట్టంగా కొడితే లోపల ద్రావకం చిక్కుకుపోతుంది, పైన ఆరినట్లు కనిపించి లోపల మెత్తగా ఉంటుంది.

ప్రైమర్ ఆరాక పిల్లరు వచ్చి కింది రేకును కలిసే అతుకులో బాడీ సీలెంటు పూసి వేలితో పలచగా నునుపు చేయండి. అంచు మీదికి రానివ్వకండి. దాని మీద కారు రంగు రెండు పొరలు వేయండి. హార్డెనర్ కలిపే పాలీయూరథేన్ రంగులో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. ముక్కుకు కట్టుకునే గుడ్డా, మామూలు దుమ్ము మాస్కూ దాన్ని ఆపవు. తగిన శ్వాస పరికరం లేకపోతే ఈ ఒక్క పనీ పెయింటింగు బూత్‌లో చేయించండి.

ఎండలో రేకు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు రంగు వేయకండి. మబ్బు పట్టి గాలి చెమ్మగా ఉన్నప్పుడూ వద్దు, రంగు తెల్లబారుతుంది. ఆ తర్వాత వారం రోజులు ఆగండి. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. మెత్తని రంగు మీద రబ్బరు బిగిస్తే అది రంగును పట్టేసి, కదిలినప్పుడు రేకు నుంచి ఒలిచేస్తుంది.

10. అద్దం రాకముందు చేయవలసిన పరీక్షలు

- మళ్లీ మందం కొలవండి. రంగుతో కలిపి కొంచెం పెరగడం సహజం. మీరు రాసుకున్న అంకె కంటే అర మిల్లీమీటరు పైగా పెరిగితే రంగు దట్టంగా పడింది, రుద్ది తగ్గించాలి.
- కనబడని చోట తినర్‌లో ముంచిన తెల్లగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. గుడ్డకు రంగు అంటితే ఇంకా గట్టిపడలేదు, లేదా హార్డెనర్ తక్కువైంది.
- రాత్రిపూట లోపల టార్చి వేసి బయటి నుంచి చూడండి. సూదిమొనంత వెలుగు కనిపించినా అక్కడ వెల్డులో రంధ్రం ఉంది.
- చెంబుతో కింది అంచు ముందున్న రేకు మీద నీళ్లు పోయండి. నీరు దారి వెతుక్కుని కిందికి పోవాలి. నిలిచిపోతే నీటి దారిలో ఆకులు, మట్టి ఉన్నాయి. సన్నని తీగతో తీయండి. కాళ్ల దగ్గర తడి వచ్చే కార్లలో కొన్నిటికి అసలు రోగం ఇదే, అద్దంతో సంబంధమే ఉండదు.
- కొత్త రబ్బరును అద్దం లేకుండా అంచుకు తొడిగి చూడండి. చేత్తో నొక్కితే కూర్చోవాలి, సుత్తి అవసరం పడకూడదు. మూలల్లో మడత పడకూడదు. మీటర్ల లెక్కన కొన్న రబ్బరైతే అంచు పొడవుకు ఒక వేలెడు ఎక్కువ ఉంచి కోయండి. సాగదీసి సరిపెట్టిన రబ్బరు తర్వాత కుంచించుకుపోయి అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. అతుకు కింది అంచు మధ్యలో రానివ్వండి, మూలలో మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇవన్నీ దాటితే అద్దం మనిషిని పిలవండి. సబ్బునీళ్లు, నైలాన్ తాడుతో ఆయన బిగిస్తాడు. గ్రీజు, ఇంజనాయిలు రాయబోతే ఆపండి, వాటికి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సీలెంటు అంచుకూ రబ్బరుకూ మధ్య సన్నని గీతగా చాలు. కింది మూలలు అంతగా నమ్మకంగా లేకపోతే అక్కడ కాస్త ఎక్కువ.

11. నీటి పరీక్ష

అద్దం బిగించిన మర్నాడు లోపల డ్యాష్‌బోర్డు మీద, కింద కాళ్ల దగ్గర పొడి వార్తాపత్రికలు పరవండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. గొట్టానికి నాజిల్ పెట్టకుండా మామూలు ధారతో కింది అంచు నుంచి మొదలుపెట్టండి. కింద ఐదు నిమిషాలు, తర్వాత ఒక పక్క, ఇంకో పక్క, చివరికి పై అంచు. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిచోట్లా పారుతుంది, ఎక్కడ కారిందో తేల్చలేరు. వాటర్ సర్వీసింగు పంపు వాడకండి, ఆ ఒత్తిడికి బాగున్న రబ్బరు కూడా పెదవి ఎత్తుతుంది.

కింది అంచు తడుపుతుండగానే కాగితం తడిస్తే ముందు వైపర్ల కుదురులను అనుమానించండి. వాటి చుట్టూ ఉండే రబ్బరు వాషర్లు పాతబడి ఉంటాయి, అద్దాన్ని ఊరికే నిందిస్తుంటాం. పక్క తడిపినప్పుడు మాత్రమే వస్తే రబ్బరు బయటి పెదవిని ప్లాస్టిక్ పలకతో ఎత్తి, ఆ జానెడు మేర ఆరబెట్టి, గట్టిపడని సీలెంటు కొద్దిగా లోపలికి దూర్చి, మర్నాడు మళ్లీ పరీక్షించండి. అప్పుడూ ఆగకపోతే సిలికాన్ ట్యూబు జోలికి పోకండి, అద్దం దించి ఆ చోట అంచు మందం మళ్లీ కొలవండి.